నెట్‌కు అవతలి వైపు

జనగామలో ఒక డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్‌గా ఉన్న విజయలక్ష్మికి వేసవి క్యాంపులు కొత్త కాదు. పాలకుర్తిలో నడిపింది, తన సొంతూరు కొడకండ్లలో రెండుసార్లు నడిపింది. కానీ ఆ ఏడు మే నెలలో పిల్లలకు పది రోజుల వాలీబాల్ క్యాంపు గంగారంలో అనగానే ముందు మోకాలు నొప్పి అంది, తర్వాత చుట్టాలింట్లో పెళ్లి ఉందంది. ప్రిన్సిపాల్ రెండూ ఓపిగ్గా విన్నాడు.

"మూడు జిల్లాల కాలేజీల కోచ్‌లు పోతున్నరు మేడం. నలభై మందిల సగం ఆడపిల్లలే. ఒక్క ఆడ కోచ్ లేకుంటె ఎట్ల?" అన్నాడు.

ఆమె ఒప్పుకుంది. గంగారం అంటే తనకెందుకు గుండె దడో ప్రిన్సిపాల్‌కు చెప్పలేదు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన భర్తకే చెప్పలేదు, ఇక ఆయనకేం చెబుతుంది?

గూడూరు దాటాక రోడ్డుకు రెండు వైపులా అడవి మొదలైంది. ఆకు రాల్చిన టేకు చెట్లు, మధ్య మధ్య కల్లాల్లో ఎండుతున్న, బీడీలు చుట్టే తునికాకు కట్టలు. బస్సు దిగి బడి దాకా నడిచేసరికి చీర కుచ్చిళ్లన్నీ ఎర్రటి దుమ్ము. బడి ఊరి చివర ఉంది. గ్రౌండ్ బడికి వెనక. దానికి ముందువైపు గేటు ఉంది గానీ వెనకవైపు గోడ లేదు. గ్రౌండ్ అయిపోయిన చోట నాలుగు పెద్ద ఇప్పచెట్లు, వాటి వెనక గుట్ట, గుట్ట మీదంతా అడవి.

భూపాలపల్లి కాలేజీ కోచ్ వివేక్ అప్పటికే వచ్చి నెట్ కట్టిస్తున్నాడు. యూనివర్సిటీ టీముకు ఆడి వచ్చిన కుర్రవాడు, ఇంకా ముప్పై నిండలేదు. నవ్వుతూ ఎదురొచ్చి బ్యాగు అందుకున్నాడు.

మొదటి రోజు ఎవరికి ఎంత వచ్చో చూడడానికి పిల్లలను ఆరుగురేసి జట్లుగా ఆడించారు. చాలామందికి చేతులు ఎలా కలిపి పట్టుకోవాలో కూడా తెలియదు. బంతి వస్తుంటే కళ్లు మూసుకునేవాళ్లు, ఒకరినొకరు గుద్దుకునేవాళ్లు. కానీ గంగారం ఆడపిల్లలు ఆరుగురు కోర్టులోకి దిగగానే వివేక్ నోట్లోని విజిల్ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. బంతి ఎక్కడికి వస్తుందో అక్కడికి ముందే చేరుకుంటున్నారు. వాళ్లలో వర్ష అనే పద్నాలుగేళ్ల సన్నటి పిల్ల లిఫ్టర్. నెట్ దగ్గర నిలబడి షాట్ కొట్టేవాళ్లకు బంతిని లేపి ఇస్తోంది. పక్కనున్న తండా నుంచి వచ్చిన రాధాబాయి షాట్ కొడుతోంది.

అవతలి జట్టు సర్వీస్ చేస్తే బంతి నెట్ పైపట్టీకి తగిలి ఇవతల పడింది. గంగారం పిల్లలు కదల్లేదు. వర్ష తాపీగా వెళ్లి బంతి చేతిలోకి తీసుకుంది.

"ఏమైంది? ఆడుండ్రి!" అని అరిచాడు వివేక్.

"నెట్‌కు తగిలింది సార్."

"తగిల్తె ఏమైతది? ఇవతల పడ్డది గదా."

"తగిల్తె సర్వీస్ పోయినట్టే గదా సార్."

వివేక్ నవ్వి ఊరుకున్నాడు. కాసేపటికి రాధాబాయి కొట్టిన షాట్ అవతలి పిల్లలకు అందలేదు. వివేక్ పాయింట్ చెప్పబోతే వర్ష మళ్లీ అడ్డం వచ్చింది.

"పాయింట్ కాదు సార్. సర్వీస్ వాళ్లది. ఇప్పుడు సర్వీసే మాకొచ్చింది. పాయింట్ ఇంక రాలే."

"ఇవి మా నాయిన కాలం రూల్స్ మేడం!" అన్నాడు వివేక్, విజయలక్ష్మి వైపు తిరిగి. మళ్లీ పిల్లలతో, "ఎవలు నేర్పిండ్రే మీకు?" అన్నాడు.

"అక్క."

"ఏ అక్క?"

"పొద్దుగాల వస్తది సార్," అంది వర్ష, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

వివేక్‌కు అది వింతగా మాత్రమే తోచింది. విజయలక్ష్మికి అలా తోచలేదు. ఆ రూల్స్ ఆమె ఆడినప్పటివి. సర్వీస్ చేసిన జట్టుకే పాయింట్ అన్న పద్ధతి పోయి పాతికేళ్లు దాటింది. వీళ్లకు నేర్పినది ఎవరైనా సరే, అప్పటి నుంచీ ఆట చూడలేదన్నమాట.

సాయంత్రం వాచ్‌మన్ కొమురెల్లిని అడిగింది. బడిలో ఆటల సారు బదిలీ అయి నాలుగేళ్లయిందట. మళ్లీ ఎవరూ రాలేదట.

"తునికాకు దినాలు గదా మేడం. తల్లులు తెల్లారకముందే అడవికి పోతరు. పోరగాండ్లకు ఇంట్ల పొద్దు పోక గ్రౌండ్‌కొస్తరు. నేను ఆరింటికి గేటు తీసేసరికే ఆడుతుంటరు. ఎన్కకెల్లి వస్తరు, గోడ లేదు గదా."

"వాళ్లతోటి పెద్దోళ్లు ఎవలన్న ఉంటరా?"

కొమురెల్లి తాళాల గుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నేను ఆ యాల్లకు అటు దిక్కు చూడ మేడం," అన్నాడు.

మర్నాడు వేళ్లతో బంతిని లేపడం నేర్పిస్తోంది విజయలక్ష్మి. బంతి కింద పడకుండా ఎవరు ముందు పిలిస్తే వాళ్లు తీసుకోవాలి. "నాది" అని గట్టిగా అరవాలి అని చెప్పింది. పిల్లలందరూ నాది, నాది అని అరుస్తున్నారు. వర్ష వంతు వచ్చింది. బంతి ఎత్తుగా లేచింది. వర్ష దాని కిందికి పరుగెత్తుతూ, "ఉన్నా! ఉన్నా!" అని అరిచింది. బంతి ఆమె వేళ్లలోకి వచ్చి మళ్లీ పైకి వెళ్లింది. చప్పుడే కాలేదు.

విజయలక్ష్మి వెళ్లి బెంచీ మీద కూర్చుంది. నీళ్లు కావాలా మేడం అని ఎవరో అడిగితే తల ఊపింది.

ఆ మాట అలా అనే మనిషిని ఆమె జీవితంలో ఒక్కతెనే చూసింది.

హనుమకొండలో డిగ్రీ చదివే రోజుల్లో, అప్పటి వరంగల్ జిల్లా జట్టులో, రాజీ లిఫ్టర్, అందరూ విజయ అని పిలిచే తను షాట్ కొట్టేది. రాజీది గంగారం పక్క పల్లె. బంతి కోసం అందరూ నాది అంటే రాజీ మాత్రం ఉన్నా అనేది. ఆమె వేళ్లకు బంతి తగిలినప్పుడు చప్పుడు వినిపించేది కాదు. రిఫరీలు కూడా మెచ్చుకునేవాళ్లు. రెండేళ్లు ఒకే గదిలో పడుకున్నారు, ఒకే కంచంలో తిన్నారు. తొంభై ఎనిమిది వేసవి సెలవులకు రాజీ ఇంటికి వెళ్లింది. ఒక తెల్లవారుజామున ఇంట్లోంచి బయటికి పోయిన మనిషి మళ్లీ ఎవరికీ కనిపించలేదు. నక్సలైట్ అన్నలతో కలిసి అడవిలోకి పోయిందన్నారు కొందరు. జ్వరమొచ్చి లోపలే చచ్చిపోయిందన్నారు ఇంకొందరు. ప్రాక్టీసుకని విజయ ఇంకా హాస్టల్‌లోనే ఉంటే, పోలీసులు టీము ఫొటో పట్టుకుని అక్కడికి వచ్చారు. ఈ పిల్ల నీకెంత తెలుసు అని విజయను అడిగారు. "ఆటలనే సార్. బయట తెల్వదు," అంది విజయ.

ఆ నెలలోనే, విజయ ఇల్లు చేరాక, రాజీ తల్లి పోశమ్మ రెండు బస్సులు మారి కొడకండ్లకు వచ్చింది. విజయ తండ్రి జైపాల్ అప్పుడు సర్పంచి. ఇంట్లో పోలీసుల మాట వినిపించడమే ఆయనకు ఇష్టం లేదు. "పిల్ల ఇంట్ల లేదు. హైదరాబాద్ పోయింది," అని గడపలోనే నిలబడి చెప్పాడు. నడిమింటి తలుపు వెనక విజయ నిలబడి ఉంది. పోశమ్మ అరుగు మీద కూర్చుని, చెంబెడు నీళ్లు అడిగి తాగి వెళ్లిపోయింది.

అంతే జరిగింది. దాన్ని ఎవరితోనూ చెప్పుకోకుండా విజయలక్ష్మి నలభై ఆరేళ్లకు వచ్చింది.

నాలుగో రోజు ఆమెకు అయిదింటికే మెలకువ వచ్చింది. వచ్చింది అనడం కన్నా, నిద్రే సరిగా పట్టలేదనడం నిజం. బూట్లు చేత్తో పట్టుకుని, బడి పక్కనుంచి చప్పుడు కాకుండా గ్రౌండ్ వైపు నడిచింది. ఆకాశం తెల్లబడుతోంది. ఇవతలి సగం కోర్టు మీద వెలుగు ఉంది. అవతలి సగం మీద ఇప్పచెట్ల నీడ ఇంకా వదల్లేదు.

ఆరుగురు పిల్లలూ ఇవతలే ఉన్నారు. అవతల ఎవరూ లేరు.

రాధాబాయి సర్వీస్ చేసింది. బంతి నెట్ దాటి నీడలోకి వెళ్లింది. అది నేల మీద పడే చప్పుడు కోసం విజయలక్ష్మి చెవులు రిక్కించి నిలబడింది. పడలేదు. చేతికి తగిలిన చప్పుడూ లేదు. ఒక్క ఊపిరి తీసి వదిలేంత సేపు గడిచింది. అప్పుడు బంతి నీడలోంచి పైకి లేచి, మెల్లగా, అసలు తిరగకుండా, ఇవతలి మూలకు వచ్చింది. ఆ మూలకు పరుగెత్తాల్సిన పిల్ల పరుగెత్తింది, అందుకోలేక బోర్లా పడింది. అందరూ నవ్వారు.

"ఇంకోటి అక్కా!" అంది వర్ష.

తర్వాత వర్ష తల ఒక పక్కకు వంచి, ఎవరో మాట్లాడుతుంటే వినే మనిషిలా నిలబడింది. "ఆఁ, సరే," అని కుడి పాదం కొంచెం ముందుకు జరిపింది. విజయలక్ష్మికి గుట్ట మీద పిట్టల అరుపు తప్ప ఏమీ వినిపించలేదు.

కాలి కింద ఎండుటాకు నలిగింది. పిల్లలు గిరుక్కున తిరిగారు. బంతి అప్పుడు అవతల ఉంది. ఈసారి తిరిగి రాలేదు.

నెట్ కింద నుంచి వంగి అవతలికి వెళ్లింది విజయలక్ష్మి. బంతి కోర్టు మధ్యలో ఉంది. పిల్లల వైపు దుమ్ము నిండా అడుగుజాడలే. ఇక్కడ దుమ్ము ఊడ్చి నీళ్లు చల్లినట్టు నున్నగా ఉంది. తన పాదాల గుర్తులు తప్ప ఇంకేవీ లేవు. వంగి బంతి తీసుకుంది. తెల్లవారుజామున బంతి చల్లగా ఉండాలి. అది వెచ్చగా ఉంది.

"వర్షా, ఇటు రా," అంది. "మీ అక్క ఎట్లుంటది?"

"జడ ఉంటది మేడం. బొటనవేలికి తెల్ల పట్టీ ఉంటది."

ఫైనల్‌కు ముందు రాజీ బొటనవేలు బెణికితే, పట్టీ చుట్టింది విజయే.

"నీకు భయం కాదా?"

"ఎందుకు మేడం? అక్క తిట్టది. ఆ సార్ లెక్క విజిల్ గూడ ఊదది." వర్ష నవ్వింది. "ఎండ పడ్డంక ఉండది. గుట్ట దిక్కు పోతది. మీరొచ్చిన్రని చెప్పినం మేడం. మీ పేరు చెప్పినం."

"ఏమన్నది?"

"ఏమనలే. బాల్ చేతుల పట్టుకొని శానసేపు అట్లనే నిలబడ్డది."

ఆ రోజే వెళ్లిపోదామనుకుంది విజయలక్ష్మి. బ్యాగు సర్దింది కూడా. జనగామ వెళ్లి ఏం చెప్పాలి అన్నదే తట్టలేదు. దానికి తోడు వివేక్ ఒక ఫిర్యాదు పట్టుకుని వచ్చాడు.

"మేడం, ఆ ఆరుగురు పిల్లలు బంగారం. కని ఎంత చెప్పినా కొత్త రూల్స్ తలకెక్కుతలేవు. నెట్‌కు తగిలిన సర్వీస్ వస్తే చేతులు కట్టుకొని నిలబడుతున్నరు. ఆగస్టుల మహబూబాబాద్ సెలక్షన్ల గిట్లనే నిలబడితే సీదా ఇంటికే. మీరన్న చెప్పుండ్రి."

ఆమె చెప్పింది. రెండు రోజులు చెప్పింది. బోర్డు మీద రాసి చూపించింది. పిల్లలు బుద్ధిగా విన్నారు, ఆటలోకి దిగగానే మళ్లీ అదే. చివరికి గట్టిగా కసిరితే రాధాబాయి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అక్క తప్పు చెప్పదు మేడం," అంది వర్ష తల దించుకుని. "అక్క చెప్తెనే మారుస్తం."

ఆ రాత్రంతా ఆ మాటే ఆమె బుర్రలో తిరిగింది. ఏడో రోజు తెల్లవారగానే లేచి, ఈసారి బూట్లు తొడుక్కుని, దాక్కోకుండా నడిచి వెళ్లి పిల్లల పక్కన నిలబడింది. బంతి వర్ష చేతిలో ఉంది. నెట్‌కు అవతల ఇప్పచెట్ల నీడ కదలకుండా ఉంది.

"రాజీ," అంది విజయలక్ష్మి.

ఆ పేరు పైకి అని ఇరవై ఏడేళ్లయింది.

"రాజీ, రూల్స్ మారినయే. మనం ఆడిన ఆట ఇప్పుడు లేదు. సర్వీస్ ఎవలదైనా సరే, బాల్ పడ్డదంటె పాయింటే. పదిహేను కాదు, ఇరవై అయిదు ఆడాలె. సర్వీస్ నెట్‌కు తగిలి పడ్డా ఆడుడే, ఆగొద్దు. ఇంకోటుంది. లిబెరో అని ఒకామె ఉంటది. వేరే రంగు బనీను తొడుక్కుంటది, ఎన్కనే ఉంటది, షాట్ కొట్టది. నీకు నవ్వొస్తది గావచ్చు. నాక్కూడ అప్పుడు నవ్వొచ్చింది."

తను ఎవరితో మాట్లాడుతోందో, చుట్టూ పిల్లలు ఎలా చూస్తున్నారో ఆమెకు పట్టలేదు. మాటలు వాటంతటవే వస్తున్నాయి.

"ఈ పిల్లలు మంచిగ ఆడుతున్నరు. మనకన్న మంచిగ ఆడుతున్నరు. పాత రూల్స్ పట్టుకొని నిలబడితే వీళ్లను ఎవలూ తీసుకోరు. నువ్వు చెప్తెనే వింటరట. చెప్పవే."

చెప్పాల్సింది ఇంకా ఉంది. ఈలోగా చెట్ల పైనుంచి ఎండ దిగి నీడ చెరిగిపోయింది. ఉత్త దుమ్ము నేల మిగిలింది.

ఎనిమిదో రోజు పొద్దున ఆటలో అవతలి జట్టు సర్వీస్ నెట్‌కు తగిలి లోపల పడబోతుంటే, వర్ష నేల మీదికి దూకి బంతి లేపింది. రాధాబాయి షాట్ కొట్టింది. "పాయింట్!" అని ఆరుగురూ ఒక్క గొంతుతో అరిచారు. వివేక్ సంబరంతో చేతులెత్తాడు.

"చూసిన్రా మేడం! మొత్తానికి ఎక్కించిన్రు!"

నీళ్ల విరామంలో వర్ష వచ్చి పక్కన కూర్చుంది.

"అక్క సరేనన్నది మేడం. కని ఇరవై అయిదంటె బాగ పొడుగైతది గదా, నడుమ నీళ్లు తాగనిస్తరా అని అడుగుమన్నది."

విజయలక్ష్మికి నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. "తాగనిస్తరని చెప్పు," అంది.

"ఇంకోటి గూడ అడుగుమన్నది." వర్ష బాటిల్ మూత బిగిస్తూ చెప్పింది. "మా అవ్వ కాడికి పోయినవా అని."

పోశమ్మ బతికే ఉంది. పల్లె రెండు కిలోమీటర్లు. మధ్యాహ్నం కొమురెల్లి తన బండి మీద దించాడు గానీ ఇంటి దాకా రాలేదు. "ఆమె ఎవలతోటి మాట్లాడది మేడం," అని మలుపు దగ్గరే ఆగిపోయాడు.

పెంకుటిల్లు. పందిరి కింద డెబ్బై దాటిన ముసలామె కాళ్లు చాపుకుని కూర్చుని తునికాకు కట్టలు కడుతోంది. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది.

"ఎవలు బిడ్డా?" అంది తల ఎత్తకుండానే.

"కొడకండ్ల విజయను అవ్వా. రాజీతోటి ఆడిన."

ముసలామె చేతులు ఆగలేదు. ఆకుల మీద నార చుట్టి, పళ్లతో లాగి ముడి బిగించింది.

"అది పొద్దుగాల పోయింది బిడ్డా. ఇంక రాలే."

ఏ పొద్దున అని అడగడానికి విజయలక్ష్మికి నోరు రాలేదు. పందిరి గుంజ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది.

"అవ్వా, నువ్వు మా ఇంటికొచ్చిన దినం నేను హైదరాబాద్ పోలే. ఇంట్లనే ఉన్న. తలుపెన్క నిలబడ్డ."

"ఎర్కనే."

"ఎట్ల ఎర్క అవ్వా?"

"నీ బూట్లు అరుగు కిందనే ఉండె. మా రాజీకి గూడ అసుంటియే ఇచ్చిండ్రు గదా." పోశమ్మ ఇంకో పిడికెడు ఆకులు ఒళ్లోకి లాక్కుంది. "మీ నాయిన ముంగట రాకున్నా, ఎన్కకెల్లన్న ఉరికొస్తవనుకున్న. బస్సు ఎక్కేదాక మళ్ల మళ్ల ఎన్కకు చూసుకుంట పోయిన."

విజయలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పోశమ్మ ఊరుకోమని అనలేదు, తల నిమరలేదు. కొంతసేపయ్యాక కొన్ని ఆకులు, ఒక నారపోగు ఆమె ముందుకు తోసింది. విజయలక్ష్మి కళ్లు తుడుచుకుని ఆకులు పేర్చడం మొదలుపెట్టింది. ఆమె కట్టిన కట్టలు వదులుగా ఉన్నాయి. ముసలామె వాటిని మళ్లీ విప్పి కట్టింది.

"మీ ఆట ఎల్లుండితోటి అయిపోతదట," అంది చివరికి.

"అయిపోతది అవ్వా."

"పోరగాండ్లు గూడ పోతరట. బడి తెరిచేదాక ఎవలుండరట."

ఈ కబుర్లు ఎవరితోనూ మాట్లాడని మనిషికి ఎవరు చెప్పారో విజయలక్ష్మి అడగలేదు.

"మరి అది ఎవలతోటి ఆడాలె?" అంది పోశమ్మ.

పదో రోజు సాయంత్రం సర్టిఫికెట్లు పంచారు. పిల్లలంతా వెళ్లిపోయారు. రాధాబాయి వాళ్లు ఇల్లందు దగ్గర చుట్టాలింటికి, వర్ష మేనమామ ఊరికి బయల్దేరారు. ఆగస్టులో వాళ్లిద్దరికీ మహబూబాబాద్ జిల్లా జట్టులో చోటు దొరికింది. మిగిలిన నలుగురిలో ఒకతె అదనపు ఆటగత్తెగా వెళ్లింది. ఆ సంగతి వివేక్ ఫోన్ చేసి చెప్పినప్పుడు విజయలక్ష్మి జనగామ కాలేజీ మెట్ల మీదే నిలబడి ఆ పేర్లు మళ్లీ చెప్పించుకుంది. కానీ అది తర్వాతి మాట. ఆ సాయంత్రం వివేక్ బండి స్టార్ట్ చేసి పిలిస్తే, "నువ్వు పో బిడ్డా. నేను ఎల్లుండి బస్సుకు వస్త," అంది. నెట్ విప్పబోతున్న కొమురెల్లిని కూడా ఉండనీయమంది. కొమురెల్లి ఆమె మొహంలోకి చూసి, తాడు వదిలేసి వెళ్లిపోయాడు.

మర్నాడు అయిదున్నరకు ఆమె ఒక్కతే గ్రౌండ్‌లోకి నడిచింది. ఒక్కతే అనుకుంది గానీ, కోర్టు పక్కన బండ మీద పోశమ్మ అప్పటికే కూర్చుని ఉంది. ఆ రోజు తునికాకుకు పోలేదు. ఆమె చూపు నెట్‌కు అవతల, నీడ వైపు ఉంది.

విజయలక్ష్మి కొంగు బిగించి నడుముకు దోపుకుంది. భయం పోలేదు. అయినా గీత వెనక నిలబడి, బంతి పైకెగరేసి సర్వీస్ చేసింది. బంతి నెట్ మీదుగా వెళ్లి నీడలో కలిసింది. చప్పుడు లేదు.

బంతి వచ్చింది. ఎత్తుగా, తిరగకుండా, నెట్‌కు రెండడుగుల ఇవతల, సరిగ్గా ఆమె షాట్ కొట్టే చోటికి. ఇరవై ఏడేళ్లుగా ఎవరూ ఆమెకు అలాంటి బంతి ఇవ్వలేదు. మోకాలి నొప్పి మరిచిపోయి పరుగెత్తింది, ఎగిరింది, బలమంతా పెట్టి కొట్టింది. అది మళ్లీ వచ్చింది. మళ్లీ కొట్టింది. జుట్టు ముడి ఊడిపోయింది. చెమటో కన్నీళ్లో తెలియనివి కళ్లలోకి కారుతున్నాయి. తలుపు వెనక నిలబడినప్పటి నుంచీ లోపల గడ్డకట్టినదేదో భుజంలోంచి బయటికి వస్తున్నట్టుంది. ప్రతిసారీ ముందుసారి కన్నా గట్టిగా కొట్టింది.

బండ మీద నుంచి పోశమ్మ చెయ్యెత్తింది.

"జర మెల్లగ కొట్టు బిడ్డా," అంది. "అది ఇంక ఏం తినలే."